రెడ్డిగూడెం దారిలో హ్యాండ్ బ్రేకు

నూజివీడు వెళ్ళొచ్చి పది రోజులైంది. మామిడిపండ్లు సగం పంచాను, సగం తిన్నాను, టెంకలు పెరట్లో పారేశాను. ప్రయాణం ఎలా జరిగిందని అడిగిన వాళ్ళందరికీ "ఎండలు మండిపోతున్నాయి, రసాలు మాత్రం బ్రహ్మాండం" అని చెప్పి తప్పించుకున్నాను. అసలు సంగతి మా కారు వెనక చక్రంలో ఉంది. అది గుమ్మంలో నిలబడి చెప్పేది కాదు, అందుకే కూర్చుని రాస్తున్నాను.

మా కారుకి ఇరవై రెండేళ్ళు. మా ఆయన కరెంటాఫీసులో పనిచేసేవారు, నేను పోస్టాఫీసు కౌంటర్లో. ప్రతి మే నెలలో ఇద్దరం సెలవు పెట్టి కాకినాడ నుంచి నూజివీడు, అక్కణ్ణుంచి రెడ్డిగూడెం తోటకీ వెళ్ళి, రసాలు తెచ్చుకునేవాళ్ళం. ఆయనకి అదే తిరుపతి, అదే కాశీ.

మాటల విషయంలో మా ఆయన పరమ పిసినారి. కూర బాగుంటే రెండోసారి వడ్డించుకునేవారు, అంతే, బాగుందని నోటితో అనేవారు కాదు. కానీ నూజివీడు దాటి రెడ్డిగూడెం రోడ్డెక్కగానే ఆయన ఎడం చెయ్యి గేరు మీంచి దిగి, మా ఇద్దరి సీట్ల మధ్యన ఉన్న హ్యాండ్ బ్రేకు మీద కూర్చునేది. నేను దాని మీద నా చెయ్యి వేసేదాన్ని. గేరు మార్చాల్సొస్తే తీసి, మార్చి, మళ్ళీ అక్కడే పెట్టేవారు. ఇద్దరం ముందుకే చూసేవాళ్ళం. దాని గురించి ఒక్కనాడూ మాట్లాడుకోలేదు. ఇరవై వేసవుల్లో ఆయన నాకు చెప్పిన ప్రేమ కబురంతా అదేనని నేను అనుకుంటూ వచ్చాను.

ఆఖరి వేసవి మాత్రం నేను చెయ్యి వెయ్యలేదు. ఆ రోజు టీ తాగుదాం ఆపండంటే ఆపలేదని అలిగాను. టీ కోసం! తోటలవైపు మొహం తిప్పుకుని కూర్చున్నాను. ఆ ఏడే కార్తీకంలో ఆయన పోయారు. పొద్దున లేచి గుండెల్లో మంట అన్నారు, సోడా తెచ్చేలోపు అయిపోయింది.

కారు రెండేళ్ళు షెడ్డులో ఉంది. యాభై ఎనిమిదో ఏట నేను డ్రైవింగ్ నేర్చుకున్నాను. నేర్పించిన మాస్టారు "బ్రేకు మీంచి కాలు తియ్యండి మేడమ్, బండి కదలాలి కదా" అని రోజూ మొత్తుకునేవాడు. ఈ మేలో బయల్దేరాను, ఒక్కదాన్నే.

హనుమాన్ జంక్షన్

హైవే మీద కారు మర్యాదగానే నడిచింది. ఏలూరులో భోజనం చేశాను. మా కాకినాడలో పప్పులో మామిడికాయ వేస్తారు, అక్కడ మామిడికాయలో పప్పు వేసినట్టుంది. అంత పులుపు. వడ్డించే ఆయన నా మొహం చూసి అడక్కుండానే నెయ్యి ఇంకో చెంచా వేశాడు.

హనుమాన్ జంక్షన్ దగ్గర హైవే వదిలి నూజివీడు రోడ్డెక్కానో లేదో, వెనకనించి మొదలైంది. టకటక, టకటకటక. గతుకు వస్తే గట్టిగా, రోడ్డు నున్నగా ఉంటే మెల్లగా. డిక్కీలో జాకీ అనుకుని కారాపి, జాకీ తీసి వెనక సీట్లో దిండు మీద పడుకోబెట్టాను. మళ్ళీ టకటక. స్టెప్నీ టైరు అనుకుని దాన్నీ లాగాను. మంచినీళ్ళ క్యాన్, పంచె, గొడుగు, ఆయన పాత చెప్పులు, అన్నీ రోడ్డు పక్కన పరిచేసరికి అక్కడ టీ కొట్టు ఆయన వచ్చి "అమ్మకానికా అండి?" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది గానీ తర్వాత నవ్వొచ్చింది. సర్దడానికి ఆయనే సాయం చేశాడు. టీ తాగాను. రెండేళ్ళ కిందట ఆపమన్న కొట్టు ఇదే. చక్కెర పానకం. దీని కోసమా నేను అలిగింది?

సుబ్బరత్నం గారిల్లు

నూజివీడులో ఎప్పుడూ మేం దిగే సుబ్బరత్నం గారింట్లోనే దిగాను. వాళ్ళది మామిడి వ్యాపారం. ముందు కమీషన్ కొట్టు, వెనక ఇల్లు, రెంటికీ మధ్య గది నిండా వరిగడ్డిలో మాగుతున్న కాయలు. సీజన్లో ఆ ఇంట్లో మనుషులు గోడల పక్కన ఒదిగి నడుస్తారు, నేలంతా కాయలదే. మా వైపు చుట్టం వస్తే కాఫీ తాగుతారా అని అడుగుతారు. ఇక్కడ అడగడం లేదు, ఒళ్ళో నాలుగు చిన్న రసాలు పెడతారు. మొదటి ఏడు నేను చాకు అడిగానట. "రసాన్ని కోస్తారా ఎక్కడైనా?" అని ఆవిడ ఇరవై ఏళ్ళుగా అందరికీ చెప్పి నవ్వుతోంది. ఈసారీ చెప్పింది. నవ్వుతూనే కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"అన్నయ్యగారు ఆ మూల కుర్చీలో కూర్చుని పండు పిసికేవారండీ. ముచ్చికలో మొదటి చుక్క పిండి అవతల పారేసి, అప్పుడు నోట్లో పెట్టుకునేవారు. అంత పద్ధతి" అంది.

నేను ఆ కుర్చీలో కూర్చోలేదు. రాత్రికి పెరుగన్నంలో రసం పిండుకుని తిన్నాను. పండు అదే, పెరుగు అదే. ఎదురుగా రెండోసారి వడ్డించుకునే మనిషి లేడు.

కారు చప్పుడు సంగతి చెబితే, ఆగిరిపల్లి రోడ్డులో నాగేశ్వరరావు అనే మెకానిక్ ఉన్నాడనీ, వాళ్ళ వ్యాన్లన్నీ అతనే చూస్తాడనీ చెప్పింది.

ఆగిరిపల్లి రోడ్డు

నాగేశ్వరరావుకి యాభై దాటి ఉంటాయి. రేకుల షెడ్డు, నుదుటి మీద కళ్ళజోడు. కారు చూడకముందే నన్ను ప్రశ్నలడిగాడు, డాక్టరు అడిగినట్టు.

"బ్రేకు తొక్కితే వస్తుందాండీ, తొక్కకుండా వస్తుందా?"

"తొక్కకుండానే. తొక్కితే ఆగుతోంది."

"గతుకుల్లోనా, సాఫు రోడ్డులోనా?"

"గతుకుల్లో."

"కూతలాగా వస్తుందా, రాసుకున్నట్టా, కొట్టుకున్నట్టా?"

"కొట్టుకున్నట్టు. తలుపు గడియ గాలికి కొట్టుకుంటే వస్తుంది చూడండి, అలా."

జాకీ వేసి వెనక చక్రం పైనా కిందా పట్టుకుని ఊపాడు. కదల్లేదు. "బేరింగు బాగుంది. పదండి, ఒక రౌండు వేద్దాం" అని పక్క సీట్లో కూర్చున్నాడు.

ఆగిరిపల్లి వైపు రెండు పక్కలా తోటలే. చిక్కం కట్టిన గెడలతో మనుషులు కాయలు దింపుతున్నారు. స్కూటర్ల మీద ముందొక ట్రే, వెనకొక ట్రే. ఒక గతుకుల ముక్క చూసి అటు పోనివ్వమన్నాడు. టకటకటక.

"ఇప్పుడు చూడండి" అని నాగేశ్వరరావు చెయ్యి చాపి హ్యాండ్ బ్రేకు ఒక్క క్లిక్కు పైకి లాగాడు.

చప్పుడు ఆగిపోయింది. దింపాడు, మళ్ళీ టకటక. లాగాడు, నిశ్శబ్దం.

"వెనక డ్రమ్ములో షూలు వదులయ్యాయండీ. చక్రం లోపల రెండు చెక్కల్లాంటివి ఉంటాయి, బ్రేకు తొక్కితే అవే వెడల్పై డ్రమ్ముని పట్టుకుంటాయి. వాటిని కదలకుండా ఉంచే స్ప్రింగు పోతే గతుకుల్లో అవి ఇలా కొట్టుకుంటాయి. ఒక్క క్లిక్కు లాగితే బిగుసుకుని ఊరుకుంటాయి. మా మామిడోళ్ళందరికీ తెలుసు ఈ కిటుకు. సీజన్లో బండి షెడ్డులో పెట్టే తీరికెవరికుంటది? క్లిక్కు మీద చెయ్యేసుకుని సీజనంతా తోలేస్తారు" అన్నాడు.

నేను కారు పక్కకి ఆపాను.

"మా ఆయన కూడా చెయ్యి అక్కడే పెట్టేవారు. ఈ దారుల్లోనే" అన్నాను.

"మరి! ఆయనకీ తెలిసే ఉంటదండీ. పాత బండి, గతుకుల రోడ్డు, చెవిలో ఒకటే గోల. ఎవరైనా అదే చేస్తారు" అన్నాడు.

పాపం, అతను ఆయన్ని మెచ్చుకున్నాడు. అప్పట్లో చప్పుడు ఉండేదా? ఎంత గుర్తు చేసుకున్నా గుర్తు రాలేదు. నాకు చెయ్యే గుర్తుంది. వేళ్ళ మీద వెంట్రుకలు, చూపుడు వేలికి వైరు కోసుకున్న మచ్చ గుర్తున్నాయి. చప్పుడు గుర్తు లేదు. ఇరవై వేసవులు ఒక మనిషి బ్రేకు పట్టుకుంటే నేను మధ్యలో దూరి చెయ్యేసి కూర్చున్నానా?

ఆ రోజు డ్రమ్ము ఊడలేదు. రెండేళ్ళు కదలని బండి, తుప్పు పట్టేసింది. నూనె పోసి ఉంచుతాను, స్ప్రింగులు బెజవాడ నుంచి తెప్పిస్తాను, రేపు రమ్మన్నాడు. ఇలాగే రెడ్డిగూడెం వెళ్ళొస్తానంటే ఒప్పుకోలేదు. "చప్పుడైతే పర్లేదండీ, లోపల ఊడి ఇరుక్కుంటే చక్రం పట్టేస్తది" అన్నాడు.

రెడ్డిగూడెం, ఆటోలో

మా ఆయన కొనే తోట రెడ్డిగూడెం దాటాక ఉంటుంది. ఆటోలో ముగ్గురు కూర్చునే చోట ఆరుగురం కూర్చున్నాం. పక్కన ఒకావిడ ఒళ్ళో కోడి. నేను దారి పొడవునా చచ్చిపోయిన మనిషితో పోట్లాడాను. ఒక్కమాట చెప్పొచ్చుగా, ఇది బ్రేకు కోసమే, నీ చెయ్యి తియ్యి అని? నలుగురిలో నన్ను వెర్రిదాన్ని చేసినట్టుంది, ఆ నలుగురికీ ఏమీ తెలియకపోయినా. కోడి నా కొంగు పొడిచింది. ఆవిడ "అమ్మగారు ఏదో ఆలోచనలో ఉన్నారు, ఊరుకోవే" అని కోడిని కసిరింది.

తోటలో నాంచారమ్మ ఉంది. కాయలు ఏరి, సొన ఆర్చి, గడ్డిలో పేర్చడం ఆవిడ పని. ముప్పై ఏళ్ళ నుంచీ అదే తోటలో చేస్తోంది. తోట కౌలుదార్లు మారుతుంటారు గానీ నాంచారమ్మ మారదు. నన్ను చూసి, నా వెనక చూసి, ఇంకా వెనక రోడ్డు దాకా చూసింది. చెప్పాను. తలగుడ్డ విప్పి మొహం తుడుచుకుని, నా పక్కన కూలబడింది.

"అయ్యగారు ఎప్పుడొచ్చినా అమ్మగారికి పీచు తక్కువ కాయలు ఏరవే అనేవోరు. తనకేవైనా పర్లేదంట" అంది.

ఆ మాట నాకు కొత్త. ముందు రోజు అయితే మురిసిపోయేదాన్ని. ఆ రోజు మాత్రం, నా పళ్ళ సందుల్లో పీచు ఇరుక్కుంటే ఇంటికెళ్ళేదాకా సణుగుతాను కదా, ఆ బాధ పడలేక అన్నారేమో అనిపించింది. ఒకసారి అనుమానం మొదలైతే ఇంతే, ప్రతి మంచి మాటకీ వెనకాల ఇంకో కారణం కనపడుతుంది.

చెట్టు కింద కూర్చుని ఆవిడ క్యారేజీలో అన్నం పంచుకుని తిన్నాం. ముక్కల పచ్చడి, ఉల్లిపాయ. ఇక్కడ పచ్చడిలో ఆవపిండి మా కంటే తక్కువ, వెల్లుల్లి ఎక్కువ. ఒక కాయ కొరకబోయి సొన పెదవికి తగిలి బొబ్బెక్కింది. నాంచారమ్మ తన తలనూనె సీసాలోంచి కాస్త తీసి రాసింది. పండినవి రేపు పొద్దున దింపుతాం, రెండు బుట్టలు కట్టి ఉంచుతా, కారేసుకు రమ్మంది. రేటు అడిగితే రెండేళ్ళ కిందటి రేటే చెప్పింది. వంద కొంటే ఆరు కొసరు. కాకినాడ బజారులో కొసరు అడిగితే మనిషిని కింది నుంచి పైదాకా చూస్తారు.

మళ్ళీ షెడ్డులో

మూడో రోజు పొద్దున్నే నాగేశ్వరరావు షెడ్డుకెళ్ళాను. అప్పటికి డ్రమ్ము వదులైనట్టుంది. నా ముందే రెండు బోల్టులు బిగించి నొక్కాడు, డ్రమ్ము మూలిగి చేతిలోకొచ్చింది. పొడి గుడ్డతో కాదు, తడి గుడ్డతో లోపల తుడిచాడు. ఆ దుమ్ము ఊపిరితిత్తులకి మంచిది కాదట, ఊదకూడదట.

"ఇదిగోండీ మీ టకటక" అని వేలితో ఒక షూని కదిపాడు. వదులు పన్నులా ఊగింది. దాన్ని పట్టుకునే స్ప్రింగు రెండు ముక్కలై కింద పడి ఉంది. ముక్కలు అరచేతిలో వేసి చూపించాడు. "విరిగిన చోట చూడండి, తుప్పు. కాకినాడ సముద్రపు గాలికి, నిలబెట్టిన బండి కదా. కదులుతున్న రోజుల్లో విరిగుంటే ముక్కలు నలిగి నుజ్జయ్యేవి. ఇవి మొన్న మీరొచ్చేప్పుడు విరిగినట్టున్నాయి."

నేను అతని మాట సరిగ్గా వినలేదు. డ్రమ్ము వైపే చూస్తున్నాను. ఏమడగాలో రాత్రంతా అనుకుని వచ్చాను.

"నాగేశ్వరరావు గారూ, ఇరవై ఏళ్ళు ఒక్క క్లిక్కు మీద తోలిన బండి అయితే లోపల ఎలా ఉంటుంది?"

అతను నన్ను వింతగా చూసి, మూలన తుక్కు కుప్పలోంచి ఒక డ్రమ్ము తెచ్చి పక్కన పెట్టాడు. సుబ్బరత్నం గారి వ్యాన్‌దట. లోపలంతా నీలం మచ్చలు, మధ్యలో సన్నటి పగుళ్ళు.

"ఇరవై ఏళ్ళెందుకండీ, ఇది రెండు సీజన్లు. క్లిక్కు మీద తోలితే షూ ఎప్పుడూ రాసుకుంటానే ఉంటది. ఇనుము కాలి ఇలా నీలంగా అవుద్ది. షూలు గాజుపెంకులా నున్నబడతాయి. మా వాళ్ళకి ఎంత చెప్పినా వినరు, సీజనైపోగానే నా షెడ్డంతా నీలం డ్రమ్ములే."

మా డ్రమ్ము ఎత్తి వెలుతురులో తిప్పాడు. లోపల బూడిదరంగు. చుట్టూతా ఒకటే రంగు. ఎక్కడా మచ్చ లేదు.

"ఇది మార్చింది కాదా? కొత్తది వేశారేమో?"

"కంపెనీ గుర్తుందండీ లోపల. బండితో పాటు వచ్చిందే. అరిగింది, అది మామూలు అరుగుదల. కాలింది మాత్రం లేదు." కళ్ళజోడు కిందికి దించి ఇంకోసారి చూశాడు. "మీ ఆయన క్లిక్కు లాగలేదండీ. నేను నిన్న ఏదో అన్నాను, తప్పు. ఊరికే చెయ్యి పెట్టుకునుంటారు."

"ఊరికేనా?"

"మరి అంతేగా. లాగనప్పుడు అక్కడ చెయ్యి పెట్టి ఏం పనండీ?"

ఏం పని. నేను మా డ్రమ్ము రెండు చేతుల్తో తీసుకున్నాను. చాలా బరువుంది. చీరకి మసి అంటుకుంటదండీ అని అతను అంటూనే ఉన్నాడు. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు. అతను పాపం బిల్లు ఎక్కువవుతుందని ఏడుస్తున్నాననుకున్నాడు. "డ్రమ్ము మార్చక్కర్లేదు, స్ప్రింగులూ పిన్నులూ మాత్రమే, ఎంతో అవదు" అని ఓదార్చాడు.

రెండు వైపులా కొత్త స్ప్రింగులు వేశాడు. షూలు డ్రమ్ముకి దగ్గరగా సర్ది, చక్రం తిప్పి, ఎక్కడా రాసుకోవట్లేదని విన్నాడు. అది అయ్యాకే హ్యాండ్ బ్రేకు తీగ సరిచేశాడు. చాలామంది ముందు తీగ బిగించేస్తారట, లోపలి వదులు అలాగే ఉండిపోతుందట. "లోపల సర్దుకోకుండా పైన బిగిస్తే లాభం లేదండీ" అన్నాడు.

రెడ్డిగూడెం, కార్లో

మధ్యాహ్నం బుట్టల కోసం బయల్దేరాను. నూజివీడు దాటాక రోడ్డు ఎప్పటిలాగే ఉంది. అవే గతుకులు, అవే తోటలు, రోడ్డు పక్కన గడ్డి పరిచి కాయలు పోసుకున్న ఆడవాళ్ళు. వెనకనించి చప్పుడు లేదు. ఇంజను చప్పుడు, టైర్ల కింద కంకర, అంతే. ఆ ఇరవై వేసవులూ కారు ఇలాగే ఉండేదన్నమాట.

నా ఎడం చెయ్యి గేరు మీంచి దించి హ్యాండ్ బ్రేకు మీద పెట్టాను. కావాలనే పెట్టాను, ఎలా ఉంటుందో చూద్దామని. ఏమీ హాయిగా లేదు. డ్రైవరు సీట్లోంచి అంత కిందికి చెయ్యి దించితే భుజం లాగుతుంది. ఒంటి చేత్తో గతుకుల్లో స్టీరింగు పట్టుకోవడం కష్టం. అవసరం లేనివాళ్ళు ఎవరూ అక్కడ చెయ్యి పెట్టరు. పెట్టి, దారిపొడవునా అలా ఉంచరు.

నేనే ఆయన చెయ్యి వెతుక్కుని పట్టుకునేదాన్నని ఇన్నాళ్ళూ అనుకున్నాను. నేను కాదు. ఆయన ముందుగా చెయ్యి అక్కడ పెట్టి, రోడ్డు వైపే చూస్తూ, నేను ఎప్పుడు వేస్తానా అని ఎదురుచూసేవారు.

తోట చేరాను. నాంచారమ్మ బుట్టలు వెనక సీట్లో పెట్టబోతే, ఒకటి ముందు సీట్లో పెట్టమన్నాను. పీచు తక్కువవే ఏరానంది. తెలుసులే అన్నాను. పెదవి మీద బొబ్బకి ఇంకాస్త నూనె రాసి పంపించింది.

తిరిగొచ్చేప్పుడు కూడా చెయ్యి అక్కడే ఉంచాను. నూజివీడు పొలిమేర దాకా భుజం పీకుతూనే ఉంది. ఆఖరి వేసవి ఈ దారి పొడుగునా ఆయన చెయ్యి ఇక్కడే ఉంది, భుజం ఇలాగే పీకి ఉంటుంది. నేను పక్కనే కూర్చుని, తోటలు చూశాను.